మెదడు కణాలు చచ్చిపోతుంటే మాత్రలెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 34 ఏళ్లు. బైపోలార్ జబ్బు (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు) బయటపడి పదకొండేళ్లు. ఎనిమిదేళ్లుగా లిథియం వేసుకుంటూ సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకుంటున్నాడు. ఈ జబ్బున్నవాళ్ల కణాలు తొందరగా ముసలివైపోతాయని, మెదడులో కణాలు చచ్చిపోతాయని ఎక్కడో చదివాడు. 'ఎలాగూ పోయేదానికి ఈ మాత్రలెందుకక్కా' అంటూ ఇరవై రోజుల నుంచి మానేశాడు. నాలుగు రోజులుగా రాత్రి రెండింటి దాకా షాపులోనే ఉంటున్నాడు. అతను చదివింది నిజమేనా?
– ఒక అక్క, తెనాలి

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన రాత్రి రెండు గంటల సంగతి చూసి నాకు కంగారు పుట్టింది. నిద్ర తగ్గడం చాలామందిలో ఉన్మాద దశకు, అంటే ఆ మితిమీరిన హుషారుకు, తొలి గుర్తు. లిథియం ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం, ఆత్మహత్య ప్రమాదం రెండూ పెరుగుతాయి. రేపే అతని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పాత డోసు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టవద్దు. 'ఎలాగూ పోయేదానికి' అన్నాడు కదా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. రాత్రివేళ భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక కణాల మాట. చీర కొంగుకు కుచ్చులు ముడి వేయకపోతే పోగులు ఊడిపోతాయి చూడండి, మన క్రోమోజోముల కొసలకూ అలాంటి ముడి ఉంది. దాని పేరు టెలోమియర్. కణం చీలినకొద్దీ అది కాస్త కాస్త అరుగుతుంది. ఆ అరుగుదలనే కణం ముసలిదవుతోందనడానికి ఒక గుర్తుగా చూస్తారు. బైపోలార్ ఉన్నవాళ్లలో ఈ అరుగుదల ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, కొన్నిటిలో ఆ తేడా కనబడలేదు. అవి దాదాపు అన్నీ రక్తంలోని తెల్లకణాల్లో కొలిచినవి. వాటిని చూసి మీ తమ్ముడి మెదడు ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు.

అతను చదవని సగం ఇంకోటి ఉంది. 2013లో స్వీడన్ పరిశోధకులు చూస్తే, బైపోలార్ ఉన్నవాళ్ల టెలోమియర్లు మామూలువాళ్ల కన్నా 35 శాతం పొడుగ్గా ఉన్నాయి. లిథియం 30 నెలలకు మించి వాడినవాళ్లలో, వాడిన కాలం పెరిగినకొద్దీ పొడవూ పెరిగింది. 2000లో అమెరికాలో నాలుగు వారాల లిథియం తర్వాత 10 మంది రోగులకు స్కాన్ తీస్తే, 8 మందిలో మెదడులో నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు పదార్థం పెరిగినట్టు కనిపించింది. కణం చావును అడ్డుకునే బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను లిథియం పెంచుతుందని ఎలుకల మెదళ్లలో చూశారు. ఇవి చిన్న అధ్యయనాలు, ఇక్కడితో అంతా తేలిపోయిందని నేననను. కానీ కణాల మీద భయంతో వదిలేయాల్సిన మందు మాత్రం లిథియం కాదని గట్టిగా చెబుతాను.

దానికి జాగ్రత్తలు నిజంగానే ఉన్నాయి. రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించాలి. లిథియం పరీక్షకు రక్తం, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. ఎండాకాలం నీళ్లు బాగా తాగాలి, ఉప్పు హఠాత్తుగా తగ్గించకూడదు. ఒళ్లునొప్పులకు మందుల షాపులో ఐబుప్రోఫెన్ తెచ్చి వేసుకుంటే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ పేజీ అతని చేతికే ఇవ్వండి. అడగాలనుకున్నవి నాకు తననే రాయమనండి.