పేపర్‌తో పాటు డేటా కూడా పెట్టమంటున్నారు, పేషెంట్ల పేర్లు తీసేస్తే సరిపోతుందా?

అడిగినవారు కమ్యూనిటీ మెడిసిన్ పీజీ. కనిగిరి వైపు పల్లెల్లో తాగునీటి ఫ్లోరైడ్‌కీ కిడ్నీ పనితీరుకీ ఉన్న సంబంధం మీద థీసిస్ చేశారు. పేపర్ దాదాపు ఓకే అయింది. ఇప్పుడు జర్నల్ వాళ్ళు డేటా ఎక్కడ పెడుతున్నారో చెప్పమన్నారు. గైడ్ గారేమో "అడిగితే ఇస్తాం అని ఒక లైను రాసేయ్" అంటున్నారట. ఎక్సెల్ ఫైల్ అలాగే పంపాలా, పీడీఎఫ్ చేయాలా, పేర్లు తీసేస్తే చాలా అన్నది వారి సందేహం.

నేను నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చూస్తాను. పీజీల మాస్టర్ చార్టులన్నీ (పేషెంటుకో వరస చొప్పున వివరాలన్నీ ఉండే షీట్లు) నా టేబుల్ మీదికే వస్తాయి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు గైడ్ గారి మాట. ఆ లైను చాలామంది రాసేదే. కానీ దాని విలువ ఎంతో ఎడిటర్లకు కూడా తెలిసిపోయింది. 2022లో క్రొయేషియా పరిశోధకులు, అడిగితే ఇస్తామని రాసుకున్న 1,792 పేపర్ల రచయితలకు మెయిల్ పెట్టి చూశారు. డేటా చేతికొచ్చింది 122 పేపర్లకే. ఎగ్గొట్టాలని ఎవరూ ఆ లైను రాయరనుకుంటాను. పీజీ పాసై ఎక్కడో డ్యూటీలో చేరిపోతారు, గైడ్‌కి బదిలీ అవుతుంది, మాస్టర్ చార్ట్ ఉన్న లాప్‌టాప్ ఇంట్లో పిల్లల ఆటలకు పోతుంది. మూడేళ్ళ తర్వాత ఆ ఫైల్ మీ దగ్గరే ఉంటుందా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఇక పేర్ల సంగతి. పేర్లు తీసేస్తే మన పల్లెల్లో చాలదు. ఒక పీజీ పేరు, ఫోన్, ఆధార్, ఓపీ నంబరు అన్నీ తీసేసిన షీట్ తీసుకొచ్చారు. వేరే పని మీద వచ్చిన ఆ మండలం ఆశా కార్యకర్త పక్కనే కూర్చుని ఉంది. స్క్రీన్ మీద ఒక వరసలో ఊరి పేరు, వయసు 47, మగ, ఆర్టీసీ కండక్టర్, డయాలసిస్ 'అవును' అని ఉంది. ఆవిడ కాస్త వంగి చూసి, "ఈయన మా కండక్టరన్నే గదా సార్, డయాలసిస్‌కి ఒంగోలు పోతుంటాడు" అనేసింది. ఆ ఊళ్ళో కండక్టరు ఒక్కడే మరి. ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే ఈ ఒక్క వరస ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఊరి పేరు బదులు మండలం పెట్టండి, లేదా ఊళ్ళను గుంపులుగా కలపండి. వయసుకు పదేళ్ళ శ్రేణి చాలు. వృత్తిలో వ్యవసాయం, కూలి, ఉద్యోగం, ఇతరం అన్న నాలుగు ముక్కలు మిగిలితే చాలు, 'పొగాకు బ్యారన్ యజమాని', 'గ్రానైట్ క్వారీ బ్లాస్టర్' లాంటివి వద్దు. తర్వాత ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేసి మండలం, వయసు, లింగం, వృత్తి కలిపి లెక్కపెట్టండి. ఏ గడిలోనైనా ఐదుగురి కన్నా తక్కువ మంది తేలితే ఇంకా కలపాలి.

మీ స్టడీలో ఇంకో చిక్కుంది. పేపర్లో మొదటి టేబుల్‌లో ఊరివారీగా ఫ్లోరైడ్ అంకెలు ఇచ్చే ఉంటారు. ఒక ఊరికి 3.84 అని ఉందనుకోండి. మాస్టర్ చార్ట్‌లో ఒక మనిషి ఎదుట అదే 3.84 కనిపిస్తే, ఊరి పేరు తీసేసినా ఊరు తెలిసిపోయినట్టే. అందుకే నేనైతే రెండు ఫైళ్ళు చేయిస్తాను. నీళ్ళ ఫైల్‌లో ఊరి పేరుతో సహా అన్నీ ఉంటాయి, మనుషులు ఉండరు. మనుషుల ఫైల్‌లో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు, 1 నుంచి 1.5, 1.5 నుంచి 3, 3 పైన అని శ్రేణులుగా మాత్రమే ఉంటుంది. ఈ 1, 1.5 మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణంలో ఉన్న గీతలే కనుక అడిగేవాళ్ళకు జవాబు సిద్ధంగా ఉంటుంది. బోరు ఎవరి పెరట్లోనైనా ఉంటే జీపీఎస్ అంకెలు కూడా ప్రమాదమే. ఫోన్లో దశాంశం తర్వాత ఆరు అంకెలు వస్తాయి, అది సరాసరి ఆ ఇంటి గుమ్మం ముందుకు తీసుకెళ్తుంది. రెండు అంకెలకు కుదిస్తే దాదాపు కిలోమీటరు మేర మసకబారుతుంది.

శ్రేణులు చేస్తే అసలు అనాలిసిస్ మళ్ళీ చేసి చూసుకోవడం కుదరదు కదా అంటారు. నిజమే. పూర్తి ఫైల్‌ను మూసి ఉంచి, అడిగినవారికి పరిశీలించి ఇచ్చే పద్ధతి దానికోసమే ఉంది. పరిశోధన డేటాను ఆన్‌లైన్లో దాచే జెనోడో లాంటి చోట ఫైల్ పెట్టి అనుమతి ఉన్నవారికే తెరుచుకునేలా చేయొచ్చు. ఆ అభ్యర్థనలు మాత్రం మీ సొంత జీమెయిల్‌కి కాకుండా డిపార్ట్‌మెంట్ మెయిల్‌కి వచ్చేలా చూడండి.

ఫైల్ ఏ రూపంలో అన్నారు. పీడీఎఫ్ వద్దే వద్దు. నాకు కావలసిన ఒక పేపర్ తాలూకు టేబుల్‌ను స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా పెట్టారు, వంకరగా, సగం అంకెల మీద స్టేప్లర్ నీడతో. మళ్ళీ చేత్తో కొట్టుకోవాల్సి వచ్చింది. సప్లిమెంటరీ ఫైళ్ళను చాలా జర్నళ్ళు మీరు పంపింది పంపినట్టే పెట్టేస్తాయి, దిద్దేవాళ్ళు ఎవరూ ఉండరు. సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఇవ్వండి. అందులో 'యూటీఎఫ్-8' అని ఉన్న రకమే ఎంచుకోవాలి, లేకపోతే తెలుగులో కొట్టిన ఊరి పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఎక్సెల్‌లో మీరు హైడ్ చేసిన కాలమ్ సీఎస్‌వీలోకి దర్జాగా వచ్చేస్తుంది, కాబట్టి పేర్ల కాలమ్‌ను దాచడం కాదు, తుడిచేయాలి. 5-9 అని వయసు శ్రేణి కొడితే ఎక్సెల్ దాన్ని సెప్టెంబర్ 5 చేసేస్తుంది. ఈ తేదీల పిచ్చి జన్యువుల పేర్లను కూడా వదల్లేదు. సెప్ట్1, మార్చ్1 లాంటివి తేదీలుగా మారిపోతున్నాయని 2020లో మనిషి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లనే మార్చుకుంది.

ఫైల్ పక్కన ఒక పేజీ వివరణ పెట్టండి. క్రియాటినిన్ మిల్లీగ్రాముల్లోనా మైక్రోమోల్స్‌లోనా, ఈజీఎఫ్ఆర్‌కి (కిడ్నీ వడపోత వేగం అంచనాకి) సీకేడీ-ఈపీఐ 2009 సూత్రమా 2021 సూత్రమా, ఖాళీ గడి అంటే పరీక్ష చేయలేదనా, 999 అంటే ఏమిటి, ఫ్లోరైడ్ ఏ ఎలక్ట్రోడ్‌తో కొలిచారు. ఇవి మీకు ఇవాళ నోటికి వచ్చు, వచ్చే ఏడాది రావు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కన్సెంట్ ఫారం. 'మీ వివరాలు గోప్యంగా ఉంచి ఈ పరిశోధనకే వాడతాం' అని తెలుగులో రాసి వేలిముద్రలు తీసుకుని ఉంటే, పేర్లు తీసేసినా సరే, మీ అంతట మీరు అందరికీ తెరిచి పెట్టకూడదు. ఎథిక్స్ కమిటీకి లెటర్ పెట్టి వాళ్ళ మాట రాతపూర్వకంగా తీసుకోండి. కొత్తగా థీసిస్ మొదలుపెట్టేవాళ్ళు గుర్తింపు తీసేసిన డేటాను ఇతర పరిశోధకులకు ఇవ్వొచ్చా అన్న ప్రశ్నను ఫారంలోనే వేరుగా అడగండి. మావాళ్ళ అనుభవంలో జనం పెద్దగా కాదనరు, పేరు బయటికి రాదు గదా అని మాత్రం రెండుసార్లు అడుగుతారు.

ఎక్కడ పెట్టాలన్నది తేలిక. జెనోడో ఉచితం, ఒక్కో రికార్డుకు 50 జీబీ వరకు ఇస్తారు, మీ ఫైల్ అందులో ఒక మూలకు రాదు. ఫైల్ బయటపెట్టకముందే డీఓఐ (ఫైల్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) కేటాయించుకుని పేపర్లో రాసుకోవచ్చు. ఒకసారి పబ్లిష్ నొక్కాక వెనక్కి తీసుకోవడం సులభం కాదు, అందుకే పై తంతు అంతా ముందే ముగించాలి. జన్యు సీక్వెన్సులు ఉన్నవాళ్ళకు దారి వేరు, జెన్‌బ్యాంక్ గానీ ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ గానీ చూసుకోవాలి.

రొయ్యల మీద పనిచేసే మిత్రులు మనుషులు లేరు కదా అని ధీమాగా ఉంటారు. చెరువు జీపీఎస్‌తో సహా తెల్లమచ్చ వైరస్ పాజిటివ్ అని పెడితే ఆ రైతుకు మేత అప్పుగా ఎవరిస్తారు?

ఇక మీరు జర్నల్‌కి రాయాల్సిన లైను. నీటి పరీక్షల డేటా, గుర్తింపు తీసేసిన వ్యక్తుల డేటా, కాలమ్‌ల వివరణ ఫలానా డీఓఐ దగ్గర ఉన్నాయి. వ్యక్తుల ఊరివారీ పూర్తి డేటా కన్సెంట్ పరిమితుల వల్ల తెరిచి పెట్టలేదు, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇస్తాం, సంప్రదించాల్సిన మెయిల్ ఇదీ. గైడ్ గారికి దీన్ని చూపిస్తే అభ్యంతరం ఉండకపోవచ్చు, ఆయన చెప్పిన 'అడిగితే ఇస్తాం' కూడా ఇందులో ఉంది కదా. కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని లెటర్ మాత్రం ఈ వారమే ఇచ్చేయండి, రివిజన్ గడువు వాళ్ళ కోసం ఆగదు.