ట్రామా సెంటర్‌లో చేరబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒంగోలు దగ్గర హైవే పక్క ట్రామా సెంటర్‌లో రాత్రి డ్యూటీలకు ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. తలకు దెబ్బ తగిలి ఎవరొచ్చినా మెదడులో రక్తం ఉందా అనే అందరూ అడుగుతారు. చెవి చుట్టూ ఉండే ఎముక, అదే టెంపోరల్ బోన్, దాని సంగతి ఎవరూ అడగరు. స్కాన్లు చదివే రేడియాలజిస్టువి, అది నువ్వే చూడాలి.

సీటీ స్కాన్ ఎలా తీయాలో నీకు తెలుసు: మిల్లీమీటరులోపు స్లైసులు, ఎముక స్పష్టంగా కనిపించే బోన్ అల్గారిథమ్, రెండు చెవులకూ విడివిడిగా యాక్సియల్ (అడ్డకోత), కొరోనల్ (ముందు నుంచి చూసే నిలువుకోత) బొమ్మలు. అయిదు మిల్లీమీటర్ల బ్రెయిన్ స్లైసులు చూసి టెంపోరల్ బోన్ బాగుందని రాసేయకు. చెవి వెనక ఎముకలో గాలి ఉండే మాస్టాయిడ్ గదుల్లో ద్రవం, దవడ కీలులో గాలి కనిపిస్తే చీలిక కోసం వెతుకు. చెవిలో పాత చీములే అని వదిలేయొద్దు. అలాగని కనపడ్డ ప్రతి గీతా ఫ్రాక్చర్ కాదు, ఎముకల అతుకులు, అవే సూచర్లుంటాయి, లోపలి చెవి నుంచి వచ్చే సన్నని కాలువ కోక్లియర్ అక్విడక్ట్ ఉంటుంది. రెండో చెవితో పోల్చుకో.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే కేసు ఒకటుంది. నేను పనిచేసిన ఒకచోటికి బండి మీంచి పడ్డ కాలేజీ కుర్రాణ్ణి తెచ్చారు. రాగానే మత్తిచ్చి ఊపిరికి ట్యూబు వేశారు. ప్రాణం నిలబెట్టే తొందర, దాన్ని తప్పు పట్టను. కానీ అంతకు ముందు ముఖం రెండు వైపులా కదులుతోందో లేదో కేస్ షీట్‌లో ఒక్కరూ రాయలేదు. ట్యూబు తీశాక చూస్తే కుడి కన్ను మూతపడటం లేదు, మూతి ఎడమకు లాగేస్తోంది. సీటీలో చీలిక, చెవి ఎముక లోపల ముఖ నరం వంపు తిరిగే జెనిక్యులేట్ గ్యాంగ్లియాన్ దాకా పోయింది. ఈఎన్‌టీ డాక్టరుగారు అడిగింది ఒకటే: "ముఖం దెబ్బతోనే పడిపోయిందా, తర్వాతా?" తర్వాత వచ్చిందైతే చాలావరకు వాపు వల్లే, స్టెరాయిడ్లతో కోలుకునే ఆశ ఎక్కువ. దెబ్బతోనే పూర్తిగా పోతే నరం తెగిందేమో, నలిగిందేమోనని ఆపరేషన్ గురించి ఆలోచించాలి. జవాబు ఎవరి దగ్గరా లేదు. తల్లిని అడిగితే, "అమ్మా అని పిలిచాడయ్యా, నాకు రక్తమే కనపడింది, ముఖం చూడలేదు" అంది. ఈలోగా చుక్కల మందు వేసేవాళ్లు లేక ఆ కన్ను ఎండి పుండయింది. ఇరవయ్యేళ్ల పిల్లాడు, బుజ్జీ!

అందుకే చెవి దగ్గర చీలిక కనపడగానే వార్డుకి ఫోన్ చెయ్యి. ముఖం కదులుతోందా అని అడుగు. మత్తులో ఉంటే, ట్యూబు వేయకముందు ఎవరైనా చూశారేమో కనుక్కుని రాయించు. అవతల విసుక్కుంటే విసుక్కోనీ. చిన్నప్పుడు ఆకలేసినా అడగకుండా గుమ్మం దగ్గర నిలబడేదానివి. ఆ మొహమాటం అక్కడ పనికిరాదు తల్లీ.

రిపోర్టులో చీలిక నిలువా అడ్డమా అన్నది రాయి, కానీ లోపలి చెవిని కప్పే గట్టి ఎముక ఓటిక్ క్యాప్సూల్ పగిలిందా లేదా అన్నది తప్పక రాయి. పగిలితే ఆ చెవికి వినికిడి పోయే ప్రమాదం, ముఖ నరం దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతాయి. గీత, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉండే కెరోటిడ్ కెనాల్‌లోకి వెళితే తెల్లారేదాకా ఆగకుండా రక్తనాళాలు చూపించే సీటీ యాంజియో అడుగు. మధ్య చెవిలోని చిన్న ఎముక ఇంకస్ జారితే తర్వాతైనా సరిచేయొచ్చు, దానికి కంగారు లేదు.

అనుమానం వస్తే పేషెంటు వివరాలు తీసేసి ఇమేజీలు నాకు పంపు. ఏ వేళైనా సరే, నాకు రాత్రుళ్లు నిద్ర ఎలాగూ తక్కువే.

ఇట్లు,
మీ పెద్దమ్మ