బ్రౌజర్ దాటితే అలర్ట్ పలకదెందుకు?

ప్రశ్న: బ్రౌజర్ కన్సోల్‌లో చక్కగా నడిచిన చిన్న ప్రోగ్రామును ఫైల్‌గా సేవ్ చేసి నోడ్‌తో (బ్రౌజర్ లేకుండా జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రాముతో) నడిపితే ‘రిఫరెన్స్ ఎర్రర్: ప్రాంప్ట్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని ఆగిపోతోంది. యూజర్‌ను జవాబు అడిగే ప్రాంప్ట్‌తో పాటు, సందేశం చూపే అలర్ట్‌దీ అదే పరిస్థితి. నోడ్ ఇన్‌స్టాల్ చేయడంలో ఏమైనా తేడా వచ్చిందా?

జవాబు: ఇన్‌స్టలేషన్‌లో లోపమేమీ లేదు. ఎన్నిసార్లు తీసేసి మళ్లీ పెట్టినా ఇదే ఎర్రర్ వస్తుంది. అలర్ట్, ప్రాంప్ట్, కన్ఫర్మ్, విండో, డాక్యుమెంట్ వంటివేవీ జావాస్క్రిప్ట్ భాషలోవి కావు. భాషకు ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్‌లో ఉండేవి అర్రే, మ్యాప్, ప్రామిస్, మ్యాథ్, జేసన్ లాంటివే. మిగతావి బ్రౌజర్ తన వైపు నుంచి చేర్చి ఇస్తుంది. క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజినే నోడ్‌లోనూ ఉంది కానీ, అక్కడ వెబ్ పేజీ లేదు, కాబట్టి ఆ పేర్లూ లేవు. నిజానికి కన్సోల్, కొంతసేపటి తర్వాత పనిని నడిపే సెట్‌టైమౌట్ కూడా భాషలో లేనివే. నోడ్ వాటిని విడిగా సమకూర్చింది కాబట్టి నడుస్తున్నాయి. అయినా అచ్చం ఒకేలా ఉండవు: సెట్‌టైమౌట్ బ్రౌజర్‌లో సంఖ్యను తిరిగిస్తే, నోడ్‌లో ఆబ్జెక్ట్‌ను ఇస్తుంది.

అలర్ట్ ఉన్నచోట కన్సోల్.లాగ్ రాస్తే సరిపోతుంది. ప్రాంప్ట్ విషయం అంత తేలిక కాదు. అది జవాబు వచ్చేదాకా ప్రోగ్రామును అక్కడే నిలిపేస్తుంది. నోడ్‌లో అందుకు వాడే రీడ్‌లైన్ అలా నిలపదు. నోడ్ 17 నుంచి ‘నోడ్:రీడ్‌లైన్/ప్రామిసెస్’ అనే మాడ్యూల్ ఉంది. అందులోంచి క్రియేట్‌ఇంటర్‌ఫేస్‌ను ఇంపోర్ట్ చేసుకుని, ఇన్‌పుట్‌గా ప్రాసెస్.ఎస్‌టీడీఇన్, అవుట్‌పుట్‌గా ప్రాసెస్.ఎస్‌టీడీఅవుట్ ఇవ్వండి. దాని క్వశ్చన్ మెథడ్‌ను అవెయిట్‌తో పిలవండి. అవెయిట్ మరిచిపోతే చేతికొచ్చేది యూజర్ టైప్ చేసిన మాట కాదు, ఇంకా తేలని ప్రామిస్ (తర్వాత వచ్చే విలువకు హామీ లాంటి ఆబ్జెక్ట్). ఫంక్షన్ బయట అవెయిట్ వాడాలంటే ఫైల్‌ను ఎంజేఎస్ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేయండి. ఈ మాడ్యూల్ ఉన్న ఏ వెర్షన్‌లోనూ ఇబ్బంది ఉండదు. ప్రాంప్ట్ లాగే ఇదీ స్ట్రింగే ఇస్తుంది, కాబట్టి కూడికలకు ముందు నంబర్‌గా మార్చుకోవాలి. పని అయ్యాక క్లోజ్ పిలవకపోతే ప్రోగ్రాము ముగియదు, టెర్మినల్ అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

కోడ్ మార్చకుండా అభ్యాసం సాగించాలంటే నోడ్ లాంటివే అయిన డీనో గానీ బన్ గానీ వాడండి. ఆ రెండూ అలర్ట్, కన్ఫర్మ్, ప్రాంప్ట్‌లను టెర్మినల్‌లోనే నడుపుతాయి.

ప్రశ్న: నెక్స్ట్ జేఎస్ (రియాక్ట్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో, బ్రౌజర్ కోసమని సూచించే ‘యూజ్ క్లయింట్’ రాసిన కాంపోనెంట్‌లోనూ ‘విండో ఈజ్ నాట్ డిఫైన్డ్’ వస్తోంది. గ్లోబల్.విండోకు ఖాళీ ఆబ్జెక్ట్ ఇస్తే ఎర్రర్ పోయింది. అలాగే ఉంచేయవచ్చా?

జవాబు: దయచేసి ఉంచకండి. చాలా లైబ్రరీలు విండో ఉందో లేదో చూసే తాము ఎక్కడ నడుస్తున్నామో తేల్చుకుంటాయి. మీ ఖాళీ విండోను చూసి బ్రౌజరే అనుకుని విండో.లొకేషన్.హెచ్‌రెఫ్ చదవబోతాయి. అప్పుడు టైప్ ఎర్రర్ మీ ఫైల్‌లో కాకుండా ఏ లైబ్రరీ లోతుల్లోనో వస్తుంది, అసలు కారణం పట్టుకోవడం కష్టమవుతుంది.

‘యూజ్ క్లయింట్’ అని రాసినా ఆ కాంపోనెంట్ మొదటి హెచ్‌టీఎంఎల్ కోసం సర్వర్‌లోనూ ఒకసారి రెండర్ అవుతుంది. విండోను తాకే కోడ్‌ను యూజ్‌ఎఫెక్ట్‌లోకి మార్చండి, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ‘ఇఫ్ విండో’ అని పరీక్షించడం పనికిరాదు. ప్రకటించని పేరును చదవడమే ఎర్రర్. టైపాఫ్ విండో విలువను ‘అన్‌డిఫైన్డ్’ అనే స్ట్రింగ్‌తో పోల్చితేనే క్షేమం. అయితే ఆ పరీక్షను రెండర్ మధ్యలో పెట్టి సర్వర్‌లో ఒకటి, బ్రౌజర్‌లో ఇంకొకటి చూపిస్తే హైడ్రేషన్ ఎర్రర్ (సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌తో బ్రౌజర్‌లో తయారైనది సరిపోలకపోవడం) మొదలవుతుంది.

కొన్ని మ్యాప్, చార్ట్ లైబ్రరీలు ఇంపోర్ట్ చేస్తుండగానే విండోను తాకుతాయి. ఫైల్ పైన వాటి ఇంపోర్ట్ ఉన్నంతకాలం యూజ్‌ఎఫెక్ట్ కాపాడలేదు. ఆ ఇంపోర్ట్‌నే యూజ్‌ఎఫెక్ట్ లోపల డైనమిక్ ఇంపోర్ట్‌గా రాయండి. లేదా ఆ కాంపోనెంట్‌ను నెక్స్ట్/డైనమిక్‌తో, ఎస్‌ఎస్‌ఆర్ (సర్వర్‌లో రెండర్ చేయడం) విలువ ఫాల్స్‌గా పెట్టి, క్లయింట్ కాంపోనెంట్ నుంచి పిలవండి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో నడిచే స్క్రిప్ట్ సర్వర్‌లో ‘ఫెచ్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అంటోంది.

జవాబు: సర్వర్‌లో నోడ్ పాతది. వెర్షన్ చూడండి. నెట్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ నేరుగా అందుబాటులోకి వచ్చింది 2022లో విడుదలైన నోడ్ 18తోనే.

ప్రశ్న: టెస్టులు నడిపే జెస్ట్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాక టెస్టులన్నీ ‘డాక్యుమెంట్ ఈజ్ నాట్ డిఫైన్డ్’తో పడిపోతున్నాయి.

జవాబు: జెస్ట్ 27 నుంచి డిఫాల్ట్ వాతావరణం జేఎస్‌డామ్ (బ్రౌజర్ పేజీని అనుకరించేది) కాదు, నోడ్. 28 నుంచి జేఎస్‌డామ్ ప్యాకేజీ కూడా జెస్ట్‌తో పాటు రాదు. ‘జెస్ట్-ఎన్విరాన్‌మెంట్-జేఎస్‌డామ్’ను విడిగా ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగ్‌లో టెస్ట్‌ఎన్విరాన్‌మెంట్‌కు ‘జేఎస్‌డామ్’ అని ఇవ్వండి. జేఎస్‌డామ్ పేజీని గీయదు, కాబట్టి ఎలిమెంట్ కొలతలు చెప్పే గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ అన్నీ సున్నాలే ఇస్తుంది. విండో.అలర్ట్‌ను పిలిస్తే ‘నాట్ ఇంప్లిమెంటెడ్’ అంటుంది; టెస్టులో దాని స్థానంలో జెస్ట్.ఎఫ్ఎన్ (నకిలీ ఫంక్షన్) పెట్టుకోండి.