చుట్లు నాలుగింతలు చేసినా మోటార్ ఎందుకు నీరసించింది?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: సైన్స్ ఫెయిర్ కోసం రెండు పిన్నీసులు, పెద్ద టార్చి బ్యాటరీ ఒకటి, పాత స్పీకర్ అయస్కాంతంతో మోటార్ చేశాను. 26 గేజ్ తీగతో 3 సెంటీమీటర్ల వ్యాసంలో 15 చుట్లు చుడితే బాగానే తిరిగింది. ఇంకా జోరు వస్తుందని 60 చుట్లు చుట్టాను. అది రెండు ఊపులు ఊగి ఆగిపోతోంది. చుట్లు పెరిగితే టార్క్ (తిప్పే బలం) పెరగాలి కదా?
– పదో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: పెరగాలి, పెరిగింది కూడా. కానీ మీరు అనుకున్నంత కాదు. టార్క్ అంటే చుట్ల సంఖ్య, కరెంటు, అయస్కాంత క్షేత్రం, కాయిల్ వైశాల్యం, ఈ నాలుగింటి లబ్ధం. కాయిల్ ఏ కోణంలో ఉందన్నది దానికి తోడు. చుట్లు పెంచినప్పుడు కరెంటు తగ్గుతుందన్న సంగతి దగ్గరే లెక్క తప్పుతుంది.

15 చుట్లకు తీగ సుమారు 1.4 మీటర్లు, దాని నిరోధం 0.15 ఓం. బ్యాటరీ లోపలి నిరోధం, పిన్నీసుల దగ్గరి అతుకులు కలిపి 0.6 ఓం అనుకుందాం. 1.5 వోల్టులకు 2 ఆంపియర్లు పారుతుంది. చుట్లను కరెంటుతో గుణిస్తే 30. అదే 60 చుట్లకు మొత్తం నిరోధం 1.2 ఓం, కరెంటు 1.25 ఆంపియర్లు, లబ్ధం 75. టార్క్ రెండున్నర రెట్లు పెరిగితే, కాయిల్ బరువు 2 గ్రాముల నుంచి 8 గ్రాములకు, అంటే నాలుగు రెట్లు పెరిగింది. పిన్నీసు కన్నాల్లో రాపిడి బరువును బట్టి పెరుగుతుంది. పైగా ఇరుసుగా ఉన్నది అదే సన్నతీగ కాబట్టి బరువుకు వంగి కాయిల్ అడ్డదిడ్డంగా తిరుగుతుంది. 20 – 25 చుట్ల దగ్గర ఆగండి.

అయితే ఊగి ఆగిపోవడం మాత్రం బరువు వల్ల వచ్చే జబ్బు కాదు, తీగ గీకడంలో వచ్చిన తేడా. అయస్కాంతం కింద ఉంటే కాయిల్ నిలువుగా ఉన్నప్పుడు టార్క్ అత్యధికం, పడుకున్నప్పుడు సున్నా. కరెంటు ఆ నిలువు స్థితికి అటూ ఇటూ పావు చుట్టు పారి, మిగతా అరచుట్టు ఆగాలి. కాయిల్‌ను నిలువుగా పట్టుకుని, ఒక కొస వార్నిష్‌ను ఉప్పు కాగితంతో కింది సగం మాత్రమే గీకండి. రాగి మెరుపు సగంలో కనబడాలి, మిగతా సగం ముదురు రంగులోనే ఉండాలి. రెండో కొసను చుట్టూ గీకేయండి. చాలామంది కాయిల్‌ను బల్లమీద పడుకోబెట్టి గీకుతారు. అప్పుడు ముందుకు తోసిన బలాన్ని వెనక్కి తోసే బలం మింగేస్తుంది. రెండు కొసలూ పూర్తిగా గీకినా ఊగిసలాటే.

అసలు లాభం అయస్కాంతాన్ని దగ్గరికి జరపడంలో ఉంది. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం చాలా వేగంగా పడిపోతుంది. కాయిల్ అంచుకీ అయస్కాంతానికీ మధ్య 5 మిల్లీమీటర్లు మించనివ్వకండి. కాయిల్‌ను అయస్కాంతం కంటే బాగా పెద్దదిగా చుట్టినా వృథాయే, బయటి వైశాల్యానికి క్షేత్రం అందదు. కాయిల్ ఆగి ఉండగా బ్యాటరీ కలిపి ఉంచితే రెండూ వేడెక్కుతాయి, వెంటనే తీసేయండి. లిథియం సెల్స్ జోలికి అసలు వెళ్లొద్దు.

ప్రశ్న: మా 5 హెచ్‌పీ బోరు మోటార్ సాయంత్రం పూట మూలుగుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి. వోల్టేజి 340 చూపిస్తోంది. కరెంటు ఎక్కువైతే మోటార్‌ను ఆపే రిలే సెట్టింగ్ పెంచుకోమంటున్నారు, పెంచవచ్చా?
– రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: పెంచకండి. ఈ త్రీఫేజ్ మోటార్‌లో అయస్కాంత క్షేత్రాన్నీ, రోటర్ (లోపల తిరిగే భాగం) కరెంటునూ రెండింటినీ పుట్టించేది వోల్టేజే. అందుకే టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది. 415 బదులు 340 అందితే మిగిలేది 67 శాతమే. నీటి బరువు తగ్గదు గనక రోటర్ వెనకబడి, ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాలుతుంది. దాన్ని ఆపడానికే రిలే ఉంది, దాన్ని నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్ల దగ్గరే ఉంచండి. మోటార్ నడుస్తుండగా మూడు ఫేజుల మధ్యా స్టార్టర్ దగ్గరా, మీటర్ దగ్గరా వోల్టేజి కొలిపించండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే కేబుల్ సన్నదైనా కావాలి, జాయింట్లు వదులైనా కావాలి. 2 కేవీఏఆర్ సామర్థ్యమున్న కెపాసిటర్ పెడితే లైనులో కరెంటు తగ్గి కొంత వోల్టేజి కోలుకుంటుంది. ఈ పనులు ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. తేడా లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ ఎక్కువైందని లైన్‌మన్‌కు చెప్పండి. అప్పటిదాకా 340 ఉన్న వేళల్లో మోటార్ వేయకపోవడమే మేలు.

ప్రశ్న: సీలింగ్ ఫ్యాన్ చేత్తో తోస్తేగానీ తిరగడం లేదు.
– గృహిణి, వరంగల్

జవాబు: మొదలయ్యే టార్క్ ఇచ్చేది కెపాసిటర్. ఎక్కువ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతబడితే ఆ విలువ తగ్గిపోతుంది. మెయిన్ ఆపి, పాతదాని మీద ఉన్న అంకెదే కొత్తది వేయించండి. అప్పటికీ తిరగకపోతే చేత్తో మెల్లగా తిప్పి చూడండి. బిగుసుగా ఉంటే బేరింగులు మార్చాలి.