డెఫినిషన్ చెప్తారు, వాక్యంలో పట్టుకోలేరు: ట్యూషన్ పిల్లలకు గ్రామర్ రివిజన్ ఎలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ పూర్తిచేశాను. డీఎస్సీకి చదువుకుంటూ సాయంత్రాలు ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతున్నాను. బేసిక్ గ్రామర్, సిమిలీ, మెటఫర్ లాంటి పోలికల అలంకారాలు ఎన్నిసార్లు రివిజన్ చేయించినా వారం తిరిగేసరికి మర్చిపోతున్నారు. ఇంట్లోవాళ్లేమో చిన్నపిల్లల ట్యూషన్లతో టైమ్ వేస్ట్, హైదరాబాద్ వెళ్లి కోచింగ్‌లో చేరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ట్యూషన్ మానకండమ్మా. రివిజన్ చేయించే పద్ధతి మార్చండి చాలు, మీ డీఎస్సీకి కూడా అదే పనికొస్తుంది.

పిల్లలు మర్చిపోతున్నారని మీరంటున్నారు గానీ నాకలా అనిపించడం లేదు. నౌన్ అంటే ఏంట్రా అని అడిగితే 'నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్, యానిమల్ ఆర్ థింగ్' అని టకటకా అప్పజెప్పే పిల్లాడికే పాఠంలోంచి రెండు వాక్యాలిచ్చి నౌన్లకు గీత గీయమనండి, 'హానెస్టీ' దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. అది మనిషి కాదు, ఊరు కాదు, చేత్తో పట్టుకునే వస్తువూ కాదు కదా మరి. వాడు బట్టీ పట్టింది డెఫినిషన్‌ని, దాన్నే మళ్లీ మళ్లీ చదివిస్తే రివిజన్ అయినట్టు కాదు.

కాబట్టి రివిజన్ రోజున నోట్స్ తీయించకండి. వాళ్ల స్కూల్ రీడర్‌లో ఇప్పటికే అయిపోయిన పాఠంలోంచి ఒక పేరా తీసుకోండి, ఐదారు వాక్యాలు చాలు. వెర్బ్‌లకు గీత గీయించి, అదే పేరాని నిన్న జరిగినట్టు మార్చి రాయమనండి. ఎవరు 'డిడ్ నాట్ గో' బదులు 'డిడ్ నాట్ వెంట్' అని రాస్తున్నారో అక్కడే తెలిసిపోతుంది. రేపు పదో తరగతి పరీక్షలోనూ తప్పులు దిద్దమని, ఖాళీలు పూరించమని పేరాలే ఇస్తారు, డెఫినిషన్ రాయమని అడగరు.

మన పిల్లల తప్పులు చాలావరకు తెలుగులోంచి వస్తాయి, ఈ సంగతి వాళ్లకు చెప్పాలి కూడా. 'నాలుగేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం', 'సోమవారం నుంచి జ్వరం', రెండింటికీ మనం 'నుంచి' అనే అంటాం, అందుకే 'సిన్స్ ఫోర్ ఇయర్స్' అనేస్తారు. బోర్డు మీద రెండు వరసలు గీయండి, ఒకవైపు మొదలైన సమయం (మండే, 2020, మార్నింగ్), రెండోవైపు ఎంతకాలమైంది (త్రీ డేస్, ఫోర్ ఇయర్స్). మొదటి వరసకు సిన్స్, రెండోదానికి ఫర్. ఒక్కో పిల్లాడు లేచి తన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, అది ఏ వరసలోకి వెళ్తుందో మిగతావాళ్లు తేల్చాలి. 'వై ఆర్ యు లేట్' బదులు 'వై యు ఆర్ లేట్' అనే ప్రశ్నలనూ ఇలాగే విడదీసి చూపించండి. ఆర్టికల్స్ దగ్గర మాత్రం తొందరపడకండి, తెలుగులో అవి లేవు కాబట్టి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ' చెప్పి, చూడాల్సింది అక్షరాన్ని కాదు శబ్దాన్ని అన్న ఒక్క విషయం గట్టిపరిస్తే ఈ ఏడాదికి సరిపోతుంది.

ఇక లిటరరీ టర్మ్స్. ఆరు, ఏడు తరగతులకు సిమిలీ, మెటఫర్, పర్సనిఫికేషన్, అలిటరేషన్ (ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు వరసగా రావడం), ఈ నాలుగూ చాలు. ఐరనీ, ఆక్సిమొరాన్ లాంటివి ఇప్పుడే నెత్తిన వేయకండి. మీ ఊరి ఎండనే తీసుకోండి: 'ద సన్ ఈజ్ లైక్ ఎ స్టవ్' అంటే సిమిలీ, అందులో 'లైక్' తీసేసి 'ద సన్ ఈజ్ ఎ స్టవ్' అంటే మెటఫర్, 'ద సన్ ఈజ్ యాంగ్రీ విత్ అజ్' అంటే పర్సనిఫికేషన్. ఇలా మూడు రకాలుగా చెప్పించాక వానకి, కరెంటు పోవడానికి వాళ్లనే సొంతంగా రాయమనండి, తప్పులున్నా పర్లేదు. తర్వాత 'ఐ లైక్ మ్యాంగోస్' అని బోర్డు మీద రాసి ఇది సిమిలీనా అని అడగండి. 'లైక్' కనిపించిందని సగం మంది చేతులెత్తుతారు. అక్కడ లైక్ వెర్బ్ అని వాళ్లలోనే ఒకరు పట్టుకున్నారంటే గ్రామరూ, ఫిగర్స్ ఆఫ్ స్పీచూ రెండూ ఒక్క దెబ్బకి రివిజన్ అయిపోయినట్టే.

ఆదివారం గంటన్నర కూర్చోబెట్టే బదులు రోజూ చివరి పది నిమిషాలు తీసుకోండి. నిన్నటిది, పోయిన వారంది, పోయిన నెలది కలిపి అడగండి.

ఇప్పుడు మీ విషయం. మీది బీఈడీ, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఈడీతో ఎస్జీటీ (ప్రైమరీ తరగతుల టీచర్) పోస్టులకు అర్హత లేదు, కాబట్టి మీ గురి హైస్కూల్ స్థాయిలోని స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ మీదే ఉండాలి. తెలంగాణలో 2017 నోటిఫికేషన్‌తో జరిగిన పరీక్ష తర్వాత మళ్లీ 2024లోగానీ డీఎస్సీ పరీక్ష జరగలేదు. ఇంతింత గ్యాప్ వచ్చే పరీక్ష కోసం చేతిలో ఉన్న సంపాదన వదులుకుని హాస్టల్ ఫీజు కడుతూ కూర్చోమని నేను చెప్పను. డీఎస్సీ రాతపరీక్షకు 80 మార్కులు, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20. టెట్‌లో స్కోరు తక్కువుంటే మళ్లీ రాసి పెంచుకోండి. మెథడాలజీలో (బోధనా పద్ధతుల పేపర్) ఎర్రర్ అనాలిసిస్ (తప్పుల విశ్లేషణ), ఇండక్టివ్ మెథడ్ (ఉదాహరణల నుంచి సూత్రానికి వెళ్లే పద్ధతి) అని పుస్తకంలో చదివేవన్నీ రోజూ సాయంత్రం మీ ముందే జరుగుతున్నాయి, పిల్లలు చేసే తప్పులు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్లండి, మెథడాలజీ చదివేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకోండి.

డీఎస్సీ ఒక్కదాన్నే పట్టుకోవద్దు. సీటెట్ (కేంద్ర స్థాయి టెట్) పేపర్-2 రాస్తే కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీకి (డిగ్రీ, బీఈడీ అర్హతతో ఉండే టీచర్ పోస్టు) దారి ఉంటుంది, ఎంఏ ఉంది కాబట్టి గురుకులాల పీజీటీ (పీజీ అర్హతతో ఉండే టీచర్ పోస్టు) నోటిఫికేషన్లూ చూడండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఇంగ్లిష్ బోధన మీద దూరవిద్యలో పీజీ సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది, ఈసారి అడ్మిషన్లు పడ్డాయేమో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. కోచింగ్ సంగతి ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: నోటిఫికేషన్ వచ్చాక ఒక బ్యాచ్ తగ్గించుకుని, ఆ టైమ్‌లో ఇంటి నుంచే గ్రాండ్ టెస్టులు (పూర్తి సిలబస్ నమూనా పరీక్షలు) రాస్తాను, అందులో ఏ సబ్జెక్టులో మార్కులు పోతున్నాయో చూసి, అవసరమైతే దానికి మాత్రం కోచింగ్ తీసుకుంటాను అని.