ఆదివారం ఏడుస్తాను, బుధవారానికి మళ్లీ బెట్టింగ్: సమాధానం

ఆదివారం ఏడ్చి కూడా మళ్లీ బెట్టింగ్‌లోకి ఎందుకు వెళ్తున్నానని అడిగారు. ఏడుపు దగ్గరే ఆగిపోతున్నారు బ్రదర్, కారణం అదే. సికింద్రాబాద్‌లో ఆరాధనలో కన్నీళ్లు, బుధవారం మెట్రోలో మళ్లీ బెట్టింగ్ యాప్ అని రాశారు. బాధపడటం పశ్చాత్తాపం. బైబిల్ అడిగేది మారుమనస్సు. గ్రీకులో మెటానోయా, అంటే మనసే మారడం.

1. యాప్ ఇప్పుడే తీసేయండి, ఖాతా కూడా మూసేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: నష్టపోయిన మనిషి ముందు ఒప్పుకోవడం. దేవుడికి చెప్పారు. బెట్టింగ్‌లో చిట్టీ డబ్బు పోయిన సంగతి మీ ఆవిడకు చెప్పలేదు.

లూకా సువార్త 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. కానీ యేసు అతని ఇంటికి వస్తానన్నది అంతకుముందే. కాబట్టి ఇది క్షమాపణకు కట్టే వెల కాదు, క్షమాపణ దొరికినవాడు చేసే పని.

నేనూ ఇలాగే చేశాను. మా ఆవిడ బియ్యం ఏరుతుంటే చేట పక్కన పాస్‌బుక్, ఫోన్ పెట్టి మొత్తం చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ రాత్రి మొదటిసారి నా చెయ్యి ఫోన్ వైపు పోలేదు.

చెప్పేటప్పుడు "కానీ" అనే మాట వాడకండి. ఎంత పోయిందో పూర్తి లెక్క చెప్పి, నెలకు ఎంత తిరిగి కడతారో రాసివ్వండి.

3. బుధవారం సాయంత్రం సంఘంలో నమ్మకమైన పెద్దకు ఫోన్ చేయండి. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమని యాకోబు 5:16 చెప్పేది ఇందుకే.

అప్పుల టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.