అలాస్కా షిప్పులో అమ్మానాన్నలకు ఏ రూమ్ తీసుకోవాలి?

నాన్నా, పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మనీ నాన్ననీ సియాటిల్ నుంచి అలాస్కా షిప్పులో తీసుకెళ్తున్నానని చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. "ఒకటే షిప్పు, ఇరవై రకాల రూములు, ఏది తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అన్నావు. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నాను. మీ అక్క పుణ్యమా అని మీ పెదనాన్నా నేనూ నాలుగుసార్లు షిప్పెక్కాం. మొదటిసారి రూమ్ దగ్గరే దెబ్బతిన్నాం. ఆ కష్టం మీ అమ్మకి రాకూడదు.

ఆ ఇరవై రకాలూ నిజానికి నాలుగే. కిటికీ లేని ఇన్‌సైడ్, తెరవడానికి వీల్లేని అద్దం కిటికీ ఉండే ఓషన్ వ్యూ, బాల్కనీ, సూట్. పక్కన కనిపించే అక్షరాలూ అంకెలూ చాలావరకు ఆ రూమ్ ఏ డెక్కు (అంతస్తు) మీద, షిప్పులో ఏ భాగంలో ఉందో చెప్పేవే. అదే కొలత, అదే మంచం, అదే బాత్రూమ్. నడిమధ్యన ఉంటే ఒక కోడు, ముందు కొసన ఉంటే ఇంకో కోడు, ధరలో తేడా. ఒక కంపెనీ కోడు ఇంకో కంపెనీకి పనికిరాదు కూడా. అందుకని వాటితో కుస్తీ పట్టకుండా డెక్ ప్లాన్, అంటే ఒక్కో అంతస్తులో ఏది ఎక్కడుందో చూపించే పటం, తెరువు. పేరు చూసి రూమ్ తీసుకోకు, ప్లాన్ చూసి తీసుకో.

ముందు చూడాల్సింది రూమ్ లోపల ఏముందని కాదు, దాని పైనా కిందా ఏముందని. మొదటి ప్రయాణంలో బాల్కనీ రూమ్ చవగ్గా దొరికిందని సంబరపడ్డాం. తీరా ఎక్కాక చూస్తే మా నెత్తిన స్విమ్మింగ్ పూల్ డెక్కు. తెల్లవారుజామున ఐదింటికల్లా కుర్చీలు ఈడ్చి సర్దే చప్పుడు, రోజూ. మీ పెదనాన్నకి నిద్ర లేకపోతే బీపీ పెరుగుతుందని నీకు తెలుసుగా. మూడోరోజు ఊరు చూడటానికి దిగలేక రూమ్‌లోనే పడుకున్నారు. అప్పటి నుంచి పైన రూములు, కింద రూములు ఉన్న డెక్కు మాత్రమే తీసుకుంటున్నాం. థియేటర్ పైనా, డాన్సు హాలు పైనా వద్దు. ప్లాన్‌లో ఏమీ రాయకుండా ఖాళీగా వదిలిన చోటు ఉంటే అది చాలావరకు సిబ్బంది పనిచేసే చోటే. దాన్ని ఆనుకుని ఉన్న రూమ్ కూడా వద్దు.

ఆ రూమ్ చవగ్గా ఎలా వచ్చిందో చెప్తాను విను. "గ్యారంటీ" అని రాసి ఉంది. మన చెవికి గ్యారంటీ అంటే రూమ్ ఖాయం అనిపిస్తుంది. అక్కడ అర్థం వేరు. బాల్కనీ రకం ఇస్తామన్నదే గ్యారంటీ, ఏ రూమ్ అన్నది వాళ్లిష్టం. నంబరు తర్వాత ఎప్పుడో చెప్తారు. నువ్వూ కోడలూ మాత్రమే వెళ్తుంటే తీసుకో, డబ్బు మిగులుతుంది. అమ్మానాన్నలతో మాత్రం నంబరు చూసుకునే బుక్ చెయ్యి.

ఇక ఊపు సంగతి. తిరుమల ఘాట్ రోడ్డులోనే మీ అమ్మకి వాంతులు. వాంకూవర్‌లో బయల్దేరే షిప్పులు దీవుల చాటున, నీళ్లు నిలకడగా ఉండే దారిలో వెళ్తాయి. సియాటిల్ షిప్పులు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి బయటివైపు నుంచి, పసిఫిక్ మహాసముద్రంలో వెళ్తాయి. ఆ ఒకటి రెండు రోజులు ఊపు తెలుస్తుంది. ఆర్టీసీ బస్సులో వెనక సీటుకీ మధ్య సీటుకీ ఉన్న తేడానే ఇక్కడా ఉంటుంది. ముందు కొసన, వెనక కొసన, బాగా పై డెక్కుల్లో కుదుపు ఎక్కువ. పొడవులో మధ్యన, ఎత్తులో కాస్త కిందికి ఉన్న రూమ్ చూడు. లిఫ్టు దగ్గరగా ఉండాలి, కానీ దానికి ఎదురుగానే వద్దు. ఆ కారిడార్లు ఎంత పొడవో ఎక్కితే గాని తెలియదు. మీ అమ్మ మోకాళ్లకి రోజుకి నాలుగు భోజనాలకీ ఆ నడక చాలా ఎక్కువ.

బాల్కనీకి అంత డబ్బు దేనికని అడిగావు. కరేబియన్ అయితే నేనూ అదే అనేదాన్ని, పగలంతా అందరూ బయటే ఉంటారు కాబట్టి. అలాస్కా అలా కాదు. పొద్దున్నే తిమింగలం నీళ్లు చిమ్ముతోందని మైకులో చెప్తే మీ అమ్మ స్వెటర్ వేసుకుని, లిఫ్టెక్కి, పై డెక్కులో జనం మధ్య నిలబడేసరికి అది వెళ్లిపోతుంది. బాల్కనీ ఉంటే శాలువా కప్పుకుని కాఫీ కప్పుతో అక్కడే కూర్చుంటుంది. నేను అలా కూర్చుని మంచుకొండ విరిగి నీళ్లలో పడటం చూశాను. ముందు ముక్క పడింది, ఆ తర్వాత ఉరుములాంటి మోత వినిపించింది. చెల్లెలు కూడా అది చూడాలని నా కోరిక. ఎడమవైపా కుడివైపా అని బెంగ పెట్టుకోకు. వెళ్లేటప్పుడు ఒకవైపు కనిపించిన తీరం వచ్చేటప్పుడు రెండోవైపు కనిపిస్తుంది. అలాస్కాలోని గ్లేసియర్ బేలో మార్జరీ గ్లేసియర్ (మంచునది) ముందు షిప్పుని నిదానంగా తిప్పి రెండు వైపుల వాళ్లకీ చూపిస్తారు.

అయితే బాల్కనీ అన్నవన్నీ సముద్రం చూపించవు. "అబ్‌స్ట్రక్టెడ్" (చూపుకి అడ్డం) అని ఉంటే ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతుండొచ్చు. రాయల్ కరేబియన్ అనే కంపెనీ వాళ్ల ఒయాసిస్ తరహా పెద్ద షిప్పుల్లో కొన్ని బాల్కనీలు లోపలి తోటవైపు తెరుచుకుంటాయి. 2014లో వచ్చిన వాళ్ల క్వాంటమ్ ఆఫ్ ద సీస్ షిప్పులో "వర్చువల్ బాల్కనీ" అంటే ఇన్‌సైడ్ రూమ్‌లో గోడంత తెర మీద సముద్రాన్ని చూపించడం. సెలెబ్రిటీ ఎడ్జ్ అనే షిప్పులో మాత్రం బాల్కనీ రూమ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, బటన్ నొక్కితే అద్దం పైసగం కిందికి దిగుతుంది. చలిగా ఉంటే అద్దం మూసుకుని కూర్చోవచ్చు కాబట్టి పెద్దవాళ్లకి అది హాయి.

మినీ సూట్ చూసి మోజుపడకు. అది చాలాచోట్ల సోఫా ఉన్న కాస్త పెద్ద గదే, మధ్యలో గోడ ఉండదు. సూట్ వాళ్లకిచ్చే వేరే భోజనశాల, ముందుగా ఎక్కించడం లాంటివి దానికి ఉండకపోవచ్చు. పైగా చాలా మినీ సూట్లలో స్నానం టబ్‌లోనే. ఆ గట్టు దాటి కాలు లోపల పెట్టడం మీ అమ్మకి గండం. మామూలు బాల్కనీ రూమ్‌లో షవరే ఆమెకి సుఖం. స్నానానికి కూర్చునే స్టూలు కావాలని ముందే రాసి అడుగు, చాలా కంపెనీలు ఇస్తాయి. అసలు సూట్లు, నార్వీజియన్ కంపెనీ వాళ్ల హేవెన్ లాంటివి, షిప్పులో ఇంకో షిప్పులా వేరే లోకం. అంత డబ్బు ఈసారికి అక్కర్లేదు.

మీరు ఐదుగురు కాబట్టి రెండు రూములు. మూడోవాళ్ల పడక కొన్ని రూముల్లో పైకప్పు నుంచి దిగుతుంది, నిచ్చెన ఎక్కాలి. బుడ్డోడికి సరదాయే గాని వాడు మీతోనే పడుకోవాలి. అమ్మానాన్నలకి బాల్కనీ తీసుకుని, మీకు కారిడార్‌కి అవతల ఎదురుగా ఇన్‌సైడ్ చూడు. పగలంతా అందరూ అమ్మ దగ్గరే కూర్చోవచ్చు. పక్క రూమ్‌లోకి కనెక్టింగ్ తలుపున్న రూమ్ తీసుకుంటే రెండువైపులా మీవే కావాలి, ఆ తలుపు గుండా మాటలన్నీ వినిపిస్తాయి.

బుక్ చేశాక అప్‌గ్రేడ్‌కి వేలం పాడమని మెయిల్స్ వస్తాయి. జోలికి పోకు. పెద్ద రకం ఇస్తూ ముందు కొసకి మార్చేస్తే మనం చూసుకున్నదంతా వృథా. అప్‌గ్రేడ్ వద్దని ఏజెంటుతో రాయించు.

ఇంకో మాట. సియాటిల్ షిప్పులు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. ఇండియన్ పాస్‌పోర్టుతో వచ్చే అమ్మానాన్నలకి కెనడా వీసా సంగతి డబ్బు కట్టకముందే చూసుకో.

నీకు నచ్చిన రెండు మూడు రూమ్ నంబర్లూ, ఆ డెక్కుతో పాటు పైదీ కిందదీ ప్లాన్లూ వాట్సాప్‌లో పంపు. ఆదివారం పెదనాన్నతో కలిసి చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ